గాలిని నెట్టే మనిషి

చైనా యుద్ధం జరిగిన కొన్నేళ్లకు, గుంటూరు నుంచి పనిమీద వచ్చి నిజామాబాద్‌లో బోధన్ బస్సు కోసం పొద్దున్నే నిలబడ్డాను. ఓ నడివయసు మనిషి, లేని తలుపును నెడుతున్నట్టు మెల్లగా చేతులు కదుపుతున్నాడు.

పక్కనున్న అవ్వ కొంగుతో ముఖం కప్పుకుంది. “సూడకు బిడ్డా, బాణామతి!”

చేతబడంటే నమ్మను. అయినా సంచీ దగ్గరికి లాక్కున్నాను.

ఆయన మా దగ్గరికే వచ్చాడు. “కసరత్తు అవ్వా. మిల్ట్రీల ఉన్నప్పుడు చీనోళ్లకు చిక్కిన. ఆళ్ల వంటాయన చేస్తుంటే సూసి నేర్సిన. మోకాళ్ల నొప్పి పోయింది.”

చైనా అనగానే నా అనుమానం రెట్టింపైంది. అవ్వ మాత్రం తన మోకాలు తడుముకుంది.

“నిజంగ బాణామతి కాదా?”

“కాదవ్వా. చేతులు కదుపుకుంట ఊపిరి మెల్లగ పీల్సి ఇడుసుడే.”

“గట్లయితే నాకొద్దు. పుట్టినప్పటిసంది పీలుస్తనే ఉన్న గద, ఏం గుణమైంది?”