చూడకుండా రీస్టార్ట్ చేసిన ఉదయం

ఈ సంగతి రాసిపెట్టకపోతే పోతుంది. మా ఆఫీసు రికార్డులో దీని గురించి "మౌంట్ సెట్టింగ్ మార్చాం, సమస్య తీరింది" అన్న ఒక్క ముక్కే ఉంది. అక్కడికి ఎలా చేరామో అందులో లేదు. నాలాగా కంప్యూటర్ చదువు లేకుండా లైబ్రరీలో కూర్చుని నేర్చుకునేవాళ్లకు కావలసింది ఆ దారే.

నేను బెంగళూరు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తూ, మా వార్డు లైబ్రరీలో లైనక్స్ పుస్తకాలు చదివి, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. క్లినిక్కుల స్కాన్లు దాచిపెట్టి డాక్టర్లకు తెరమీద చూపించే కంపెనీ అది. నన్ను ప్రొబేషన్ మీద తీసుకున్నారు. సర్వర్ల పనిలో ఉంచాలా, ఫోన్లెత్తే డెస్కుకు పంపాలా అన్నది నెలాఖరుకు మేనేజర్ తేల్చాలి.

సర్వర్ ఒక ఇల్లనుకుంటే, అందులో విడివిడిగా మూసి ఉన్న గదులుంటాయి. వాటినే కంటైనర్లంటారు. స్కాన్లు చూపించే ప్రోగ్రాం ఒక గదిలో ఉంటుంది. స్కాన్లేమో వేరే మెషీన్‌లో ఉంటాయి. వాటి ఫోల్డర్‌ను ఎవరైనా తెరిస్తే అప్పటికప్పుడు సర్వర్‌కు తగులుకుంటుంది. అలా తగులుకోవడాన్నే మౌంట్ అంటారు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే ఊడిపోతుంది. బ్యాకప్ కోసం గదులన్నీ రాత్రి ఆగి, తెల్లారేసరికి మళ్లీ మొదలవుతాయి. అక్కడే వచ్చింది చిక్కు. రోజూ పొద్దున స్కాన్లు తెరుచుకునేవి కావు. "సింబాలిక్ లింకులు మరీ ఎక్కువయ్యాయి" అని తెర ఫిర్యాదు చేసేది. లింకంటే ఇంకో ఫోల్డర్‌కు దారి చూపే గుర్తు. వెతికితే అక్కడ ఒక్క లింకూ లేదు!

దానికి ఆఫీసులో ఒక ఆనవాయితీ ఏర్పడింది. ముందొచ్చినవాళ్లు కాఫీ కలుపుకుని, సర్వర్‌లోకి వెళ్లి ఫోల్డర్ ఉందో లేదో ఒకసారి చూసి, గదిని రీస్టార్ట్ చేయాలి. అంతే, సాయంత్రం దాకా దిగుల్లేదు. ఫోల్డర్ బాగానే ఉంది, గదే మొండిదని అందరూ అనుకునేవారు.

నా వంతు వచ్చిన రోజు ఎవరో డాక్టరు స్కాన్ రాలేదని అప్పటికే ఫోన్‌లో ఉన్నారు. తొందరలో ఫోల్డర్ చూడకుండానే రీస్టార్ట్ చేశాను. స్కాన్లు రాలేదు. మళ్లీ చేశాను. రాలేదు. ఇంతలో మా టీమ్ లీడ్ వచ్చింది. కర్నూలావిడ, అందరం అక్కా అంటాం.

"జరుగు, జరుగు. ఏం చేసినావు?"

"రీస్టార్టే అక్కా. రెండుసార్లు."

ఆమె ఫోల్డర్ చూసింది, రీస్టార్ట్ చేసింది. స్కాన్లు వచ్చేశాయి.

"నీ చెయ్యి మంచిగ లేదు తమ్మీ," అన్నాడు పక్క సీటు మహబూబ్‌నగర్ మిత్రుడు. "రేపటి సంది కాఫీ నువ్వు కలుపు, రీస్టార్ట్ మేం జేస్తం."

అందరూ నవ్వారు. గాజు తలుపు వెనక నుంచి మేనేజర్ కూడా చూశాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆమె చేసిందీ నేను చేసిందీ ఒకటే, ఒక్క చూడటం తప్ప. శనివారం లైబ్రరీ తెరవగానే వెళ్లి ఆ లావుపాటి లైనక్స్ పుస్తకం తీశాను.

"ఏమప్పా, మళ్లా అదేనా? దిండు మాదిరి ఉండాది," అంది లైబ్రేరియన్ మేడమ్. "చదువుకో పో. బీగం ఏసేటప్పుడు లేపుతాలే."

మౌంట్ల అధ్యాయంలో దొరికింది. ఫోల్డర్‌ను గదికి ఇచ్చేటప్పుడు, ఆ క్షణాన బయట ఏం తగులుకుని ఉంటే అదే లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత బయట తగులుకున్నది లోపలికి చేరదు. చేరాలంటే సెట్టింగ్‌లో ఒక మాట అదనంగా రాయాలి. కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇన్నాళ్లూ మేం చూడటమే ఫోల్డర్‌ను తగిలిస్తోంది! పరీక్ష అనుకుని చేసిందే సగం వైద్యమైపోయి, అసలు జబ్బు కనపడకుండా చేసింది.

పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని, సోమవారం అక్కకు చెప్పాను.

"పుస్తకంలో ఉంటే సరా? నాకు చూపించు."

టెస్ట్ సర్వర్‌లో ఫోల్డర్ నిమిషానికే ఊడిపోయేలా పెట్టాను. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దన్నాను.

"నా చేతులు జేబుల్ల వెట్టుకున్న, సరేనా?" అన్నాడు మిత్రుడు.

ఫోల్డర్ ఊడింది. చూడకుండా రీస్టార్ట్ చేశాను. నేను చెప్పినట్టే స్కాన్ తెరుచుకోలేదు. ఆ ఒక్క మాట రాసి, ఫోల్డర్ మళ్లీ ఊడేదాకా ఆగి, చూడకుండానే రీస్టార్ట్ చేశాను. గది లోపలి నుంచి స్కాన్ తెరిచాను. ఎవరిదో మోకాలి ఎక్స్‌రే తెరనిండా తెల్లగా మెరిసింది. అంత అందమైన మోకాలిని నేను ఇంతవరకు చూడలేదు.

"అబ్బో!" అంది అక్క. "ఇంక ఆలస్యం దేనికి, అసలు సర్వర్‌లో పెట్టేయ్."

మర్నాడు పొద్దున మేనేజర్ వచ్చేసరికి అందరం తీరిగ్గా కాఫీ తాగుతున్నాం.

"రీస్టార్ట్ ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదు సార్."

ఆయన నిలబడే ఒక స్కాన్ తెరిచాడు. ఇంకొకటి తెరిచాడు. నా వైపు తిరిగి, "ఫోన్ల డెస్కుకు వేరే మనిషిని వెతకాలన్నమాట," అన్నాడు.

పేర్లు రాయవద్దన్నారు కాబట్టి ఇలా చెప్పుకుంటాను. నమ్మకపోయినా చూపించమని అడిగిన అక్కకు, జేబుల్లోంచి చేతులు తీయని మహబూబ్‌నగర్ మిత్రుడికి, గడువు దాటినా ఆ పుస్తకం నా దగ్గరే ఉండనిచ్చిన లైబ్రేరియన్ మేడమ్‌కు, నిలబడి రెండో స్కాన్ కూడా తెరిచి చూసిన మేనేజర్ గారికి నా నమస్కారాలు.