ఈద్ పొద్దున విప్పిన చక్రం

మా పక్కింటి అన్న పోయాడని మొన్న మా కోడలు వచ్చి చెప్పినప్పుడు, నేను తలుపు గొళ్లెం సరిగ్గా పడిందో లేదో అని మళ్లీ చూస్తున్నాను. తొంభై దాటిన మనిషి, మంచం పట్టి చాలా రోజులైంది, అనుకున్నదే. వాకిట్లో అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపుకన్నా ముందు ఒక పాత సంగతికి సిగ్గు వచ్చింది. నేను నాలుగో తరగతితో ఆగిన దాన్ని. సరిగ్గా రాస్తానో లేదో, అదొక రంది. అయినా రాయాలి.

నిజామాబాదులో మా గోడకు ఆనుకొనే వాళ్ల గోడ. ఆయనకు గుడ్డల దుకాణం, ఎవరో వాడి వదిలేసిన పాత కారు. కారును మేస్త్రీ దగ్గరికి తోలకుండా చాలా పనులు వాకిట్లోనే చేసుకునేవాడు. వెనక బ్రేకు సరిచేసేటప్పుడు ముందు చక్రాలకు రాళ్లు ఒత్తిపెట్టి, గోనెసంచి పరుచుకొని కింద పడుకునేవాడు. చక్రం వెనక ఒక చిన్న మొల ఉంటుంది. చక్రం కదలనంతగా దాన్ని పానాతో బిగించి, మళ్లీ కొంచెం వదిలేవాడు. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గేవాడు. సన్నగా రాసుకునే చప్పుడు వినబడితేనే లేచేవాడు. “తోలుడు ఎవనికైన వస్తది చెల్లె, ఆపుడు రావాలె” అనేవాడు.

పందొమ్మిది వందల అరవైల్లో మాట. నాకు తొలిసూలు. బోధన్‌లో మా తల్లిగారింటికి పంపాలి. బస్సులో కుదుపులకు నేను భయపడితే, ఆ అన్నే తన కారులో దింపుతానన్నాడు. మా అత్త పంతులును అడిగితే రంజాన్ పండుగనాడు తప్ప ఆ నెలలో మంచి దినం లేదన్నాడట. మా ఆయన మొహం చిన్నచేసుకొని వెళ్లి ఆ మాట చెబితే, “ఏమాయె! ఈద్గాకు పోయి నమాజు చేసుకొని వస్త. మా ఇంట్ల షీర్ ఖుర్మా తాగి పోదం” అన్నాడు.

చెరుకు ఆడే కాలం. బోధన్ రోడ్డు నిండా చెరుకు బండ్లే. కారు ఆగుతుందా అత్తా, ఎడ్ల మీదికి పోతే ఎట్లా అని నేను అత్తను అడిగిందే అడిగాను.

పండుగనాడు పొద్దున్నే అన్న పాత లుంగీ కట్టుకొని వెనక చక్రం విప్పాడు. బ్రేకును కప్పి ఉండే డ్రమ్ము ఊడదీసి దుమ్ము దులిపాడు. లోపల నెలవంకల్లాంటి రెండు బ్రేకు పట్టీలు కనిపించాయి. అంతలో తల్లి పిలిస్తే ఇంట్లోకి పోయాడు. మా అత్త నువ్వుల నూనెలో పసుపు కలిపిన గిన్నెతో వచ్చి, ఆ పట్టీలకు నిండుగా పూసింది.

“తొలిసూలు పిల్లను పంపుతు ఇరుసుకు కందెన వెట్టకుంట బండి గడుతరా? సాయిబుకు తెల్వకపాయె, మనకన్న తెల్వాలె గద!” అంది. గడపలో నిలబడిన నాకూ మనసు నిమ్మళమైంది. మాకు తెలిసిన బండి ఎడ్లబండే కదా.

అన్న తిరిగొచ్చి చూసి కూలబడ్డాడు.

“ఇదేం జేసినవ్ అవ్వా? గిది ఇరుసు గాదు. గివి చక్రాన్ని పట్టుకొని ఆపేటివి. నూనె తాగితె జారుతయి, బండి ఆగది.”

గుడ్డ తీసి తుడవబోయాడు. అంతే, అత్త గొంతు గల్లీ అంతా లేచింది.

“మంచి గడియల మా పసుపు తుడుస్తవా? మా దేవునిది నీకు గిట్టదా?”

ఇళ్లలోంచి జనం తొంగిచూశారు. ఆయన మొహం వాడిపోయింది. “పసుపుతోని నాకేం పంచాయితి అవ్వా? నూనెతోనే. చక్రం మీద ఎంత వెడ్తవో వెట్టు. లోపల వద్దు” అన్నాడు.

“నువ్వు నమాజుకు పో భాయి, ప్రయాణం రేపు చూద్దాం” అన్నాడు మా ఆయన. “రేపు దినం మంచిగ లేదు” అంది అత్త. “పోనీ తియ్యి, ఇయ్యాల్నే పోదం, లేకుంటె అవ్వ మనసు కష్టం జేసుకుంటది” అని అన్న ఆ నూనె కడగడానికి పెట్రోలు తెచ్చుకొని కూర్చున్నాడు. నేను కొత్త కోడల్ని. అత్త ముందు నోరు లేవలేదు.

తెల్లబట్టలు కట్టి అత్తర్లు పూసుకున్న మగవాళ్లు గల్లీలోంచి వెళుతూ పిలిచారు. “మీరు నడువుండ్రి, ఎనుకనే వస్త” అన్నాడు. పట్టీలను కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ కడిగాడు. గల్లీ ఖాళీ అయింది. ఈద్గా వైపు ఒకసారి తల తిప్పి చూశాడు, మళ్లీ వంగాడు. డ్రమ్ము, చక్రం బిగించాక నన్ను పిలిచి “ఎక్కి బ్రేకు తొక్కు చెల్లె, గట్టిగ” అన్నాడు. తొక్కాను, వదిలాను. మొల బిగించి వదిలి, చక్రం తిప్పాడు. “ఇనబడ్డదా? ఇగ రంది వెట్టుకోకు.”

అప్పటికే నమాజు ముగిసి మగవాళ్లు తిరిగొస్తున్నారు. “ఏందయ్యా, ఏడాదికొక్క పండుగ, రానే రాకపోతివి?” అని ఒకాయన అడిగాడు. గిన్నె పట్టుకొని మా అత్త అక్కడే ఉంది. అన్న ఆమె వైపు చూడనైనా చూడలేదు. “బండి మొండికేసింది భాయి” అని నవ్వాడు.

సగం దారి దాటాక ముందున్న చెరుకు బండి ఉన్నట్టుండి ఆగింది. మా కారు నీళ్లమీద పడవలాగా మెత్తగా ఆగింది. కడుపులో బిడ్డకు తెలిసికూడా ఉండదు.

అత్త బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె పోయాక నేనే ఒకసారి, “అన్నా, ఆనాడు మావల్ల నీ నమాజు...” అని నసిగాను.

“బండి ఆగిందా లేదా?”

“ఆగింది.”

“మరి అయిపాయె!” అని తమలపాకు నోట్లో పెట్టుకున్నాడు.

మొన్న చివరిచూపుకు వెళ్లాను. మొహం మాత్రం చూపించారు. చేతులు తెల్లగుడ్డ కింద ఉన్నాయి. నేను వాటికోసమే చూశాను. ఆ పండుగ పొద్దున ఈద్గా నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆయన్ను కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే, వాళ్ల తెల్లబట్టలకు అంటకుండా నలుపూ పసుపూ పట్టిన ఆ చేతులు రెండూ పక్కలకు చాపి, మెడ మాత్రం వంచి నిలబడ్డాడు.