జీడిపప్పు డబ్బాలో దొరికిన విదేశీ థీసిస్

పలాస వెళ్ళి జీడిపప్పు కొనకుండా తిరిగొచ్చినదాన్ని నేనొక్కదాన్నేనేమో. నేను వెళ్ళింది పుస్తకం కోసం. పలాస చుట్టుపక్కల ఇళ్ళలో జీడిపిక్కలు వొలిచే ఆడవాళ్ళ పని మీద నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. సమర్పించడానికి నెల ముందు మా గైడు మేడమ్ బాంబు పేల్చారు. పలాస జీడి పని మీద ఇరవై ఏళ్ళ కిందటే ఒక విదేశీ యూనివర్సిటీలో ఒకావిడ థీసిస్ రాసిందట. "నువ్వు చెప్పేది ఆవిడ ముందే చెప్పేసి ఉంటే నీ నాలుగేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. అది చూడకుండా సమర్పించొద్దు" అన్నారు. ఇంటర్ లైబ్రరీ లోన్ కింద తెప్పించమని మా లైబ్రరీలో అడిగాను. థీసిస్‌ని దేశం దాటనివ్వరట. స్కాన్ చేసి పంపాలంటే పద్నాలుగు వేలు, రెండు నెలలు అని జవాబొచ్చింది. డబ్బుకి ఎవరి కాళ్ళో పట్టుకునేదాన్ని, రెండు నెలలు ఎక్కణ్ణుంచి తేను? నెట్‌లో ఉచితంగా చూపించే మొదటి పేజీల్లో మాత్రం ధన్యవాదాలు కనిపించాయి. వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరి పేరు రాసి, "నాకు అన్నం పెట్టిన నీలమ్మకీ, ఆమె కొడుకు ఢిల్లేశుకీ" అని ఉంది. అన్నం పెట్టినవాళ్ళకి ఒక కాపీ అయినా పంపి ఉండదా అన్న ఆశతో బయల్దేరాను.

విశాఖలో ఉదయం ఆరింటికి రైలెక్కితే పదింటికల్లా పలాసలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ తిని, కాశీబుగ్గలో షేర్ ఆటో ఎక్కాను. మనిషికి నలభై రూపాయలు, ముప్పావుగంట ప్రయాణం. ఊరు దాటగానే జీడితోటలు, తర్వాత కొబ్బరి, ఆ పైన ఉప్పుగాలి. డ్రైవరుకి ఢిల్లేశు పేరు చెబితే నవ్వాడు.

"ఏ ఢిల్లేశమ్మా? మా కాడ ఇంటికో ఢిల్లేశున్నాడు."

"ఎప్పుడో ఒక తెల్లావిడ వాళ్ళింట్లో ఉండి చదువుకుందట."

"అలా సెప్పు మరి! డబ్బాల ఢిల్లేశు." తిన్నగా ఇంటి ముందే దింపాడు.

ఢిల్లేశ్వరరావుగారికి యాభై దాటి ఉంటాయి. నీలమ్మగారు పోయి ఐదేళ్ళయిందట. ఆయన భార్య కామేశ్వరి మంచినీళ్ళిచ్చి, మళ్ళీ జీడిపిక్కల ముందు కూర్చుంది. భయపడుతూనే పుస్తకం సంగతి అడిగాను.

"ఉందమ్మా, ఉండకేటి? పోస్టులో పంపింది. సెదలు తినేత్తాయని, ఉప్పుగాలికి పాడైపోద్దని డబ్బాలో ఎట్టి నానే మాటేసినాను" అన్నాడాయన.

పలాసలో జీడిపప్పుని రేకు డబ్బాల్లో నింపి, గాలి చొరకుండా మూతకి సీసంతో మాటు వేసేవారు. ఒకప్పుడు ఆయన చేసిన కూలిపని అదే, డబ్బాల ఢిల్లేశు అన్న పేరూ అందుకే. అటక మీంచి డబ్బా దించాడు. తుపానుకి ఇంటి పెంకులు లేచిపోయినా దానికేమీ కాలేదట.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరవలేదా మావయ్యా?"

"ఎవులు సదవాల? మాయమ్మ దాసమంది, దాసినాను."

మా లైబ్రరీలో కూడా ఇంత భద్రంగా ఏ పుస్తకమూ లేదు. ఆయన పాత చాకుతో మూత చుట్టూ కోసి తీశాడు. పుస్తకం నిన్న అచ్చేసినట్టుంది, జీడిపప్పు వాసన తప్ప. అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పాను. కార్ఖానాలు, కూలిరేట్లు, వ్యాపారులు. ఇళ్ళలో పని గురించి వెతగ్గా వెతగ్గా ఒక పేజీ అడుగున చిన్న ఫుట్‌నోట్ దొరికింది. తన వెంట దుబాసీలుగా వచ్చినవాళ్ళంతా మగవాళ్ళనీ, అందుకే తానున్న ఇల్లు తప్ప మిగతా ఇళ్ళలోని పని చూడలేకపోయాననీ రాసిందావిడ. నాకు ఏడుపొచ్చేసింది. నా నాలుగేళ్ళూ నాకు మిగిలాయి.

ఎందుకేడుస్తున్నానో చెబితే, పిక్కల జిడ్డుకి నల్లబడిన చేతులు ఆపకుండానే కామేశ్వరి అంది: "అవును మరి. మగోళ్ళని ఎంటేసుకుని తిరిగితే ఆడోళ్ళ కాడికి ఎలాగొత్తాది?"

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే చేపల పులుసుతో భోజనం. కావలసిన అరవై పేజీలు ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. పుస్తకం తిరిగిచ్చే ముందు ధన్యవాదాల పేజీ తెలుగులో చదివి వినిపించాను. ఢిల్లేశ్వరరావు పుస్తకం మీదికి వంగాడు.

"మాయమ్మ పేరుందా ఇందల?"

చూపించాను. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, తీయకుండా అలాగే ఉన్నాడు. డబ్బాకి మళ్ళీ మాటు వేస్తారా అనడిగాను.

"ఇంక మాటెయ్యనమ్మా. మూత సాలు" అన్నాడు.

సాయంత్రం కాశీబుగ్గలో బస్సెక్కి, టెక్కలిలో ఆగినప్పుడు మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "హమ్మయ్య! ఇక రాయి" అన్నారు. టెక్కలి బస్టాండులో తాగిన టీ అంత కమ్మటి టీ ఈ నాలుగేళ్ళలో తాగలేదు. రానూపోనూ నాకైన ఖర్చు ఆరువందలు. వాళ్ళ పని గురించి వాళ్ళింట్లోనే ఉండి రాసిన పుస్తకంలో ఏముందో వాళ్ళకి ఇరవై ఏళ్ళు ఎవరూ చెప్పలేదు. నా పరిశోధనకి కబుర్లు చెప్పిన ఇళ్ళు ముప్పైకి పైనే. నేను రాసింది వాళ్ళకి చదివి వినిపించాలన్న ఆలోచన నాకూ నిన్నటిదాకా లేదు, సిగ్గేసింది. విదేశీ థీసిస్ కోసం వేలు పోసేముందు, ఉచితంగా దొరికే ధన్యవాదాల పేజీ ఒకసారి చూడండి. అందులో మన ఊరి ఇల్లేదైనా ఉంటే తలుపు తట్టండి. పుస్తకం దొరికినా దొరక్కపోయినా, ఆ పేజీ వాళ్ళకి చదివి వినిపించి రండి.