యాదమ్మ జొన్నరొట్టెలు

2017లో కొండాపూర్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, డేకేర్ వార్డు నర్సుగా ఉండేదాన్ని. మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికెళ్లేవాళ్లకు ఎనిమిదే కుర్చీలు. ఇప్పుడా వార్డు పెద్దదైంది, కుర్చీలూ మారాయి. అయినా కిటికీ పక్క కుర్చీ చూస్తే నాకు యాదమ్మే గుర్తొస్తుంది.

బోరబండ నుంచి వచ్చేది. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది, పాత మందులు పనిచేయడం మానేశాయి. డాక్టరుగారు లైపోసోమల్ డాక్సోరుబిసిన్ మొదలుపెట్టారు. లైపోసోమ్ అంటే కంటికి కనపడని కొవ్వు బుడగ. మందును అందులో పెట్టి పంపితే గుండెకు హాని తగ్గుతుంది, కణితికి ఎక్కువ చేరుతుంది. తంటా ఒక్కటే. ఆ బుడగలు కొన్ని అరచేతుల్లో, అరికాళ్లలో కూడా దిగుతాయి. అక్కడ వేడి, ఒత్తిడి తగిలితే చర్మం ఎర్రబడి పొక్కుతుంది. దాన్ని హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటాం.

వేడినీళ్లు వద్దు, అంట్లు తోమొద్దు, ఎండ వద్దు అని ప్రతిసారీ అప్పజెప్పేదాన్ని. పనికి వెళ్తున్నావా అని అడిగితే లేదనేది.

రెండు డోసులకు కణితి తగ్గింది. మూడోసారి వచ్చేసరికి అరచేతులు రెండూ బొబ్బలు. డాక్టరుగారు డోసు వాయిదా వేశారు. బొబ్బలు మానకపోతే ఆ మందే ఆపేయాలన్నారు. ఆమెకు పనిచేస్తున్నది అదొక్కటే. నాకు ఒళ్లు మండి, చెప్పినవన్నీ గాలికొదిలేశావా అని కసురుకున్నాను.

"ఏ పని జేస్తలేను మేడం. పొద్దుమాపు రొట్టెలు జేస్తున్న, గంతే. అది గూడ పనేనా?"

మాది గోదావరి జిల్లా, రెండుపూటలా అన్నమే. జొన్నరొట్టె అంటే వేడినీళ్లతో పిండి పిసకాలి, అరచేత్తో తట్టాలి, పెనం మీద చేత్తోనే తిప్పాలి. నేను వద్దన్నవన్నీ అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఏం చేస్తుందో అడగనిది నేను, తిట్లు తిన్నది ఆమె. సిగ్గేసింది. తప్పు నాదేనమ్మా అన్నాను.

ఆమె భర్త మల్లేశం, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గార్డు, ఫైలు పట్టుకుని పక్కనే నిలబడి అంతా విన్నాడు.

రెండు వారాలకు చేతులు మానాయి. డోసు కాస్త తగ్గించి ఎక్కించాం. అప్పుడు చూశాను, మల్లేశం వేళ్ల కొసలు కాలి ఉన్నాయి. ఏమైందన్నాను.

"రొట్టె తిప్పుడు అల్కగ అనుకున్న మేడం. పాతికేండ్ల సంది కూసొని తిన్న."

యాదమ్మ నవ్వింది. ఆ కుర్చీలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ మందుతో మరో రెండేళ్లు బతికింది. తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు తడుస్తాయి.

అప్పటినుంచి పనికి వెళ్తున్నారా అని ఎవరినీ అడగను. లేచింది మొదలు చేతులతో ఏమేం చేస్తారో చెప్పమంటాను. చాలామంది ఆడవాళ్లు "ఇంట్లోనే ఉంటానండి, ఏం చేయను" అనే మొదలుపెడతారు. నేను స్టూలు లాక్కుని కూర్చుంటాను.