దద్దమ్మ తల్లికి పెట్టిన బెల్లం ముక్క

ఇవాళ పటమట రైతుబజారులో ఒకావిడ కూతుర్ని "దద్దమ్మా! కొత్తిమీర అక్కడే వదిలేశావా?" అని కసిరింది. నా చేతిలో బెల్లం పొట్లం అలాగే ఉండిపోయింది.

మీరూ ఈ మాట వింటూనే పెరిగి ఉంటారు కదా. మా ఇంట్లో దూడను కట్టేయడం మరిచిపోయినప్పుడల్లా నేను దద్దమ్మనే. అంటే ఏమిటని ఒకసారి, పరీక్షకు చదువుకుంటున్న బాబాయిని అడిగాను.

"దుర్గమ్మ, పోలేరమ్మ లాగా ఆవిడా ఒక అమ్మవారేనే. ఎవరు మొక్కినా కాదనదు," అన్నాడు.

నమ్మాను. గడ్డివాము పక్కన రాయి నిలబెట్టి, పసుపు రాసి, నెలరోజుల పాటు రోజూ బెల్లం ముక్క పెట్టాను. కుంకుమ అమ్మే ఇచ్చేది. బెల్లం బాబాయి తినేసేవాడట. అమ్మవారే తీసుకుందనుకునేదాన్ని.

ఒకరోజు చుట్టాలందరి ముందు, "దద్దమ్మ తల్లికి దండం పెట్టవే," అన్నాడు. కళ్లు మూసుకుని పెట్టాను. తెరిచేసరికి అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "దద్దమ్మంటే తెలివితక్కువదనే పిచ్చిమొహమా," అంది అత్త. చూస్తే అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ మాట ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. బాబాయికి తెలియనిదీ ఒకటుంది. నెలరోజులూ ఆ రాయి ముందు నేను కోరుకున్నది, ఆయన పరీక్ష పాసవ్వాలనే.