సినిమా భాషలో గిన్నెల బేరం

పాత ఊళ్లో బేరం అంటే నా తరవాతే ఎవరైనా. అంత తెలివైనవాణ్ణి కాబట్టే, ఎనభైల్లో, మా స్టీలు గిన్నెల కొట్లో నాకన్నా బాగా బేరమాడే ఒకే ఒక్క మనిషిని నోరు మూసుకోమన్నాను. ఆ మనిషి మా అమ్మ.

నాన్న పోయాక కొట్టు నిలబెట్టింది ఆవిడే. "ఓపాలి కొట్టి సూడమ్మా, గంటలాగ మోగతాది! ఏటి, ఇంకా తగ్గించాలా? నాను తగ్గించను. గిన్నె మీద పేరు మాత్రం ఉత్తినే సెక్కించి ఇత్తాను, మీ ఆడపడుచు పట్టికెళ్లిపోకుండా" అనేది. ఆడవాళ్లు నవ్వేవారు, కొనేవారు.

స్టీలు ప్లాంటు పనులకి గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు దిగుతున్న రోజులవి. అప్పుడో సినిమా వచ్చింది. అందులో హీరో వాళ్లలా మాట్లాడతాడు. మాలా మాట్లాడేది ఇంట్లో పనివాడు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలంతా ఈలలు. నేనూ వేశాను, టికెట్టు గిట్టాలిగా.

ఆ వారమే ఒక కొత్త జంట కొట్టుకొచ్చింది. అమ్మ మాట మొదలెట్టగానే భర్త భార్యకేసి తిరిగి, "అచ్చం ఆ సినిమాలో పనోడే!" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎందుకో తెలియకుండానే అమ్మ కూడా వాళ్లతో నవ్వింది.

అది చూడలేకపోయాను. అలాగని ఆయన్ని ఒక్క మాటా అనలేదు, గిరాకీ కదా. అమ్మనే వెనక గదిలో కూర్చోమన్నాను. మళ్లీ మళ్లీ అదే సినిమాకి వెళ్లి, హీరో మాట నేర్చుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను.

కొన్నాళ్లకి ఆ భార్య ఒక్కతే వచ్చింది. "పెద్దావిడ లేరా అండీ? ఆవిడతో బేరం సరదాగా ఉంటుంది. మీది రేడియోలో వార్తలు విన్నట్టుంది."

లోపలికి పరుగెత్తి, "అమ్మా, ఓపాలి ఇటు రా, నిన్నే అడగతన్నారు" అన్నాను. నా చెవికే తెలిసిపోయింది. అది మా ఇంటి మాటలా లేదు. ఆ సాగదీత సినిమాలో పనివాడిది.

బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తింది.

"నువ్వు కూడా ఎక్కిరిత్తన్నావేట్రా?"

"లేదమ్మా, నిజంగానే పిలుస్తున్నారు" అన్నాను. ఈసారి హీరోలా వచ్చింది. ఆ సినిమావాళ్లిద్దరిలో ఎవరిదీ కాని మాట కోసం వెతుక్కుంటూ గుమ్మంలోనే నిలబడిపోయాను. దొరకలేదు.

ఉన్నదున్నట్టు లెక్క చెప్పాలంటే, కొట్టుకేం నష్టం రాలేదు. ఆ రోజూ ఒక గిన్నెల సెట్టు అమ్మాను. అమ్మ మాత్రం మళ్లీ ముందుకి రాలేదు. ఆ తరవాత్తరవాత నాతో కూడా, కొత్త గిరాకీతో మాట్లాడినట్టు, ఆగి ఆగి, "నాను" మానేసి "నేను" అనడం మొదలెట్టింది.