అర సెకను వెనకున్న బొమ్మ

2023 ఎండాకాలం. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద నాది టీవీ రిపేరు దుకాణం. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కనపడినోళ్లందరికీ చెప్తుంటది. ఒక టీవీని చేత్తో ఒక్కటి చరిస్తే పక్కింటి టీవీ కూడా బాగైపోయిందని నేను చెప్తుంటాలే, అందుకు. ఈ కేసులో మాత్రం తీసేసేదానికేమీ లేదు. దీనికి రికార్డింగు ఉంది.

ఆటో తోలే యోహాను ఒకరోజు దుకాణానికి వచ్చినాడు. "అన్నా, టీవీలో మేం ఆడే క్రికెట్టు గేమ్ మొదటి బంతి నుంచి కడదాకా రికార్డు కావాల."

"ఎందుకు, సెలక్షనుకు పంపిస్తావా?"

"నవ్వొద్దన్నా. కడుపు మండిపోతా ఉంది."

సంగతేందంటే, యోహాను భార్య సువార్తమ్మకు ఇద్దరు తమ్ముళ్లు. వాళ్లలో ఒకడు పిల్లల కోసమని పాత గేమ్ కన్సోల్ ఒకటి కొనిచ్చినాడు. పిల్లలు హాస్టలుకు పోయినాక అది పిల్లల తల్లిదైపోయింది. మొగుణ్ని ఓడించినప్పుడల్లా ఆమె స్కోరుబోర్డు ఫోటో తీసి పుట్టింటి గ్రూపులో పెడుతుంది. "బావకు మా సంతాపం" అని తమ్ముళ్లు కింద రాస్తారు.

"నేను గెలిచిన రోజు ఫోటో పెడితే, అక్క వంటింట్లోకి పోయినప్పుడు తీసినావా బావా అంటారన్నా. ఒక్కసారి నేను గెలిచేది మొత్తం వీడియో పడాల ఆ గ్రూపులో. నీకు కుదరకపోతే చెప్పు, గిద్దలూరులో ఒకాయన ఉన్నాడంట."

ఆ గిద్దలూరాయన నా దగ్గర సోల్డరింగు నేర్చుకుని నాకంటే పెద్ద బోర్డు పెట్టుకున్న మనిషి. ఆయన మాటెత్తితే నాకు అన్నం సయించదు. ఆ సాయంత్రమే దుకాణంలోని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని యోహాను ఇంటికి పోయినా.

ఈ పనికి కావాల్సిన క్యాప్చర్ కార్డు జేబులో వేసుకున్నా. అరచేతిలో పట్టే డబ్బా అది. కన్సోల్ నుంచి టీవీకి పోయే బొమ్మ దీంట్లో దూరి పోతుంది. డబ్బా నుంచి ఒక తీగ టీవీకి, ఇంకోటి ల్యాప్‌టాప్‌కి. ఆడేది టీవీలో చూసి, రికార్డయ్యేది ల్యాప్‌టాప్‌లో. తీగలన్నీ పెట్టి ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ నల్లగా పడుకుంది.

"గిద్దలూరుకు ఫోన్ చేద్దునా అన్నా?" అన్నాడు యోహాను.

ఒళ్లు మండింది. ఎవరూ కాపీ తీయకుండా కన్సోల్లో హెచ్‌డీసీపీ అని ఒక తాళం ఉంటుంది. సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆపినా. బొమ్మ వచ్చింది. గిద్దలూరు మాట మళ్లీ రాలేదు.

ఆట మొదలైంది. యోహాను బ్యాటింగు. అట్లాంటి బ్యాటింగు నా జన్మలో చూడలేదు. వికెట్లు ఎగిరినాక బ్యాటు లేస్తా ఉంది.

"ఏందయ్యా, బంతి కీపరు చేతిలోకి పోయినాక ఊపుతున్నావు? దానికి టాటా చెప్తున్నావా?" అన్నది సువార్తమ్మ.

జట్టు జట్టంతా ఇరవై దాటకుండా పోయింది. యోహాను నా మీదికి తిరిగినాడు. "నీ డబ్బా పెట్టినాకనే చెయ్యి పడిపోయిందన్నా! నిన్నటిదాకా ఇంత అధ్వాన్నం లేదు."

అప్పుడు చూసినా. ఆయన స్టూలు టీవీ వైపు లేదు, ల్యాప్‌టాప్ వైపుంది.

"నువ్వు ఎందులో చూసి ఆడినావు?"

"దీంట్లోనే. నేను కొట్టే ఫోర్లు ఎక్కేది దీంట్లోనే కదా. ఎక్కుతున్నాయో లేదో చూసుకోవద్దా?"

ల్యాప్‌టాప్‌ను ఎత్తి టీవీ పక్కన పట్టుకున్నా. బటన్ నొక్కమన్నా. టీవీలో బ్యాటు ఊగింది. అర సెకను ఆగి ల్యాప్‌టాప్‌లో ఊగింది. దీన్నే ల్యాగ్ అంటారు. డబ్బా బొమ్మను పట్టుకుని, ల్యాప్‌టాప్‌కు అందించేసరికి ఆ మాత్రం ఆలస్యమవుతుంది. టీవీకి మాత్రం అప్పటికప్పుడే పోతుంది.

యోహాను కళ్లు మెరిసినాయి. గొంతులో తేనె పోసుకున్నాడు.

"సువార్తా, ఆడ ఉక్కగా ఉన్నట్టుంది. ఇటొచ్చి ల్యాప్‌టాప్ ముందర కూర్చో. ఫ్యాను గాలి బాగా వస్తది."

"పెళ్లైనాక ఇదే మొదటిసారి నా ఉక్క గురించి అడిగింది," అంటా వచ్చి కూర్చున్నది. ల్యాప్‌టాప్‌ను నేనే ఆమె వైపు తిప్పిపెట్టినా. నాకూ చూడాలనే ఉంది.

ఇప్పుడు బ్యాటింగు ఆమెది. మొదటి బంతి తప్పింది. యోహాను నవ్వు వీధి చివరిదాకా వినపడి ఉంటది. రెండోదీ తప్పింది. ఆమె తెరకేసి కళ్లు చిన్నవి చేసి చూసింది.

"ఇది మన పాత డబ్బా టీవీ మాదిరే ఉందే," అన్నది.

ఆ తర్వాత ఒక్కటీ తప్పలేదు. బంతి రాకముందే నొక్కుతా ఉంది, వచ్చేసరికి బ్యాటు అక్కడ ఉంటా ఉంది. కొత్త టీవీ కొనకముందు వాళ్ల పాత టీవీకి ఈ తీగ పట్టక మధ్యలో ఒక కన్వర్టర్ పెట్టినారంట. దాంట్లో బొమ్మ ఈడ్చుకుంటా వచ్చేది. ఆయన ఆటో తోలుకుంటా ఉంటే, ఆమె ఇంట్లో ఆ ఆలస్యం మీదనే ఆట నేర్చుకున్నది. ఆ కన్వర్టర్ అమ్మిన పుణ్యాత్ముణ్ని నేనే. యోహాను నన్ను చూసిన చూపుకు స్టూలు వెనక్కి జరుపుకున్నా.

మొదటి బంతి నుంచి కడదాకా వీడియో గ్రూపులో పడింది. పెట్టింది ఆమె. ఇక డబ్బా తీసేయమంటాడని తీగ మీద చెయ్యి వేసినా.

"ఉండన్నా, ఇంకొక్క ఆట," అన్నాడు యోహాను. స్టూలు టీవీ వైపు తిప్పుకుని భార్య పక్కకు జరిగినాడు. భుజాలు రాసుకుంటా, తిట్టుకుంటా మళ్లీ మొదలుపెట్టినారు.

ఆయనకు ఆమె గెలుపు మీద కుళ్లు. నాకు గిద్దలూరు బోర్డు మీద కుళ్లు. ఆ ఇద్దరి వెనక కూర్చున్నాక ఆ బోర్డు సంగతి మర్చేపోయినా. నా పక్కన కూర్చుని నన్ను ఓడించేదానికి మా ఇంట్లో ఎవరున్నారు అనిపించింది. నిజంగా కుళ్లుకున్నది అప్పుడే.

అప్పటినుంచి ఎవరింట్లో క్యాప్చర్ కార్డు పెట్టినా ముందు ల్యాప్‌టాప్ మొహం గోడకు తిప్పుతా. దాంట్లో కనపడేది అప్పటికే జరిగిపోయింది, ఆడాల్సింది టీవీలో ఉంది అని చెప్తా.

ఆ నెలలోనే రిపేరుకొచ్చి మిగిలిన కన్సోల్ ఒకటి, కంట్రోలర్లు రెండు ఇంటికి తీసుకుపోయినా. మా ఆవిడ "నాకేం వచ్చు" అంటానే కూర్చున్నది. స్కోరు చెప్పమంటే చెప్పను. రికార్డింగు ఆమె దగ్గరుంది. దాంట్లో సగం తీసేసి చూడమని ఇప్పుడు నేను అందరికీ చెప్తున్నా.